లెక్కలో లేని జంట

మాఘ బహుళ విదియ

సర్కారు పుస్తకంలో రాసింది: సున్న.

ఇది నా సొంత పుస్తకం. సర్కారు పుస్తకంలో అంకె తప్ప మరేదీ రాయకూడదు. మోకాళ్ళ నొప్పుల గురించి అసలే రాయకూడదు. అందుకని పదహారేళ్ళుగా రెండు పుస్తకాలు నడుపుతున్నాను. అందులో అంకె, ఇందులో నా సణుగుడు.

పొద్దున పోలమ్మ తన పడవలో మంచె దగ్గర దింపింది. మంచెకి ఇరవై ఆరు మెట్లు. వచ్చిన కొత్తలో ఒక్క ఊపున ఎక్కేదాన్ని. ఇప్పుడు పన్నెండో మెట్టు మీద కూలబడి, నీళ్ళ వైపు పరీక్షగా చూస్తున్నట్టు నటించి, ఊపిరి కుదుటపడ్డాక లేస్తున్నాను. పోలమ్మకి ఆ సంగతి తెలుసు. పడవ తిప్పుకుంటున్నట్టు తనూ నటిస్తుంది.

దుర్భిణి అద్దాల మీద, సూర్యపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సముద్రం ఊరికి మూడు మైళ్ళ దగ్గరికి వచ్చేసింది. గాలంతా ఉప్పే. ఎండ తగ్గేదాకా ఎవరూ బయట తిరగకూడదని కొట్టే ఎండగంట మోగేదాకా తంపరని చూస్తూ కూర్చున్నాను. తంపర అంటే తంపరపేట ముందున్న చిత్తడి చెరువు. ఒకప్పుడు అవతలి ఒడ్డు కనిపించేది కాదట. ఇప్పుడు ఇక్కడ దగ్గితే అక్కడివాళ్ళు ఎవరికి జలుబని అడుగుతారు.

నీటికోళ్ళు నాలుగు కనిపించాయి. అవి ఇక్కడివే, రాయనక్కర్లేదు. నేను రాయవలసింది వలస వచ్చే గూడబాతులని. మా అమ్మమ్మ కాలంలో అవి చలికి ముందు వచ్చేవట. ఇప్పుడు చలి అన్నదే లేదు గనక వసంతంలో వస్తున్నాయి. ఋతువులే దారి తప్పాక పక్షులని అనుకుని ఏం లాభం.

మాఘ బహుళ ద్వాదశి

సర్కారు పుస్తకంలో: సున్న.

కొత్త సిరా సీసా వచ్చింది, ముద్ర వేసి. ఆ సిరాతోనే రాయాలి, చేత్తోనే రాయాలి. లేనిదాన్ని ఉన్నట్టు, ఉన్న మనిషిని లేనట్టు యంత్రాలు చూపించడం మొదలుపెట్టాక, యంత్రం చూసిన దేనికీ సాక్ష్యంగా విలువ లేదని కంటిచట్టం వచ్చింది. అప్పటినుంచి సర్కారు ఏది నమ్మాలన్నా ఒక మనిషి కళ్ళతో చూడాలి, చేత్తో రాయాలి, పక్కన ఇంకో మనిషి నోటితో చెప్పి వేలిముద్ర వెయ్యాలి. అలా పుట్టింది మా కావలి ఉద్యోగం. నా పక్కన వేలిముద్ర వేసే మనిషి గున్నమ్మ. ఊళ్ళో అందరికన్నా పెద్దది. ఎనభై దాటాయి, ఎన్ని దాటాయో ఆవిడకీ తెలియదు.

ఈ రోజు గట్టు మీదకి ముగ్గురు పనివాళ్ళు వచ్చి నీలం గొట్టం మూతకి గ్రీజు పూశారు. ఆ గొట్టం యంత్రాల కోటకి వెళుతుంది. కోటలో యంత్రాలు వేడెక్కిపోతుంటాయి, వాటిని చల్లబరచడానికి ఎన్ని నీళ్ళయినా చాలవు. తంపరలో మిగిలింది పక్షుల వాటా నీళ్ళు. చైత్ర పౌర్ణమి సాయంత్రంలోగా ఒక్క గూడబాతయినా నా పుస్తకంలోకి ఎక్కితే ఆ నీళ్ళు ఏడాదిపాటు కదలవు. ఎక్కకపోతే మర్నాడే మూత తీస్తారు. తంపర ఇంకితే ఊరి నూతులూ ఇంకుతాయి.

పనివాళ్ళు మంచివాళ్ళే. గున్నమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చింది.

నేను వచ్చిన ఏడాది రాసిన అంకె రెండు వందల పన్నెండు. నిరుడు రాసింది అయిదు. ఈ ఏడాది కూడా పుస్తకంలో మచ్చ లేకుండా గడిస్తే నాకు కొండ మీద పట్నంలో నీడ కొలువు ఇస్తారు. చల్లటి గది, కుర్చీ, మెట్లు లేని నేల. ఆరేళ్ళుగా అర్జీలు పెట్టుకుంటున్నాను. ఈసారి ఖాయమని కబురు వచ్చింది. నాకు ఇంకేం అక్కర్లేదు, కుర్చీ చాలు.

ఫాల్గుణ శుద్ధ దశమి

సర్కారు పుస్తకంలో: సున్న.

వచ్చాయి.

ఈశాన్యం నుంచి, బాగా కిందుగా, అలసిపోయి వచ్చాయి. రెండు. నీళ్ళ మీద వాలలేదు, వాలడానికి కూడా ఓపిక లేనట్టు ఎండిన తుమ్మచెట్టు మీద దభీమని పడ్డాయి. దుర్భిణిలో వాటి సంచిముక్కులు, బురద కొట్టుకున్న రెక్కలు కనిపించాయి. నాకు ఏడుపొచ్చింది. దుర్భిణి పెట్టుకుని ఏడిస్తే అద్దం మసకబారుతుంది, అంతకుమించి ఏమీ ఉండదు.

గున్నమ్మ పసుపు కలిపిన నీళ్ళు గట్టు మీద చల్లింది. ఊరంతా గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఎన్ని వచ్చాయని మాత్రం ఎవరూ అడగలేదు. అడగరు.

నా మొదటి ఏడాది నేను తెలియక ఉత్సాహంగా రెండని రాయబోతే గున్నమ్మ వేలిముద్ర వెయ్యనంది. అప్పుడు చెప్పిన మాట నాకింకా గుర్తే.

"సుట్టాలొస్తే లెక్కెడతాం. ఎంతమందికి వొండాలో తెలాల గదా. పురిటికొచ్చిన ఆడపిల్లని లెక్కెడతామేటి?"

ముందుగా వచ్చే జంట ఈ ఊరి ఆడపిల్ల, అల్లుడు. వాళ్ళని లెక్కపెడితే పరాయివాళ్ళని చేసినట్టు. పరాయిదాన్ని చేశాక అది మళ్ళీ కన్నవారింటికి ఎందుకొస్తుంది? మూడో పక్షి నుంచి చుట్టాలు, అక్కణ్ణించి ఎన్నయినా రాసుకోవచ్చు. నేను వారం రోజులు పోట్లాడాను. తర్వాత రెండు వందల పద్నాలుగు వచ్చిన చోట రెండు తగ్గించి రాశాను. రెండు తగ్గితే ఎవరి సొమ్ము పోయిందనుకున్నాను. పదహారేళ్ళు అలాగే అనుకున్నాను.

కాబట్టి ఈ రోజూ సున్న రాశాను. గున్నమ్మ "సున్న" అని నోటితో చెప్పి వేలు ఒత్తింది. మిగిలినవి రెండు మూడు రోజుల్లో వస్తాయి. ఎప్పుడూ అంతే.

ఫాల్గుణ బహుళ విదియ

సర్కారు పుస్తకంలో: సున్న.

గూడు పూర్తయింది. పొద్దున రెండూ కాపలా మారుతున్నప్పుడు దుర్భిణిలో గుడ్డు కనిపించింది. ఒక్కటే. ఒకప్పుడు మూడేసి పెట్టేవి.

గున్నమ్మకి చెప్పగానే ఊళ్ళో రోటి పోట్లు ఆపించింది. పురిటి మనిషి పడుకునే చోట చప్పుళ్ళేమిటని కోడళ్ళని కసురుకుంది. పచ్చళ్ళు నూరడానికి పొరుగూరు వెళుతున్నారు. చుట్టాలు మాత్రం ఇంకా రాలేదు.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

సర్కారు పుస్తకంలో: సున్న.

పోలమ్మ ఈ రోజు పడవ మధ్యలో ఆపేసింది. ముప్పై ఏళ్ళుంటాయి తనకి, కోపం తొందరగా వస్తుంది, తొందరగానే పోతుంది. ఈసారి పోయేట్టు లేదు. పక్షులు కళ్ళెదురుగా కూర్చుని ఉంటే సున్న రాయడమేమిటని అడిగింది. ఆ ముసలమ్మ మాటకి ఊరు ఎండిపోవాలా అంది.

"రెండని రాసెయ్యి కావలమ్మా. ఆ గొట్టం మూత ఇప్పితే మా నూతులు నెల్లాళ్ళు ఆగవు. నీకేటి పోతాది సెప్పు?"

ఏం పోతుందో చెప్పాను. ప్రతి పేజీ ఏ రోజుకారోజు వేలిముద్రతో ముగిసిపోతుంది, వెనక్కి వెళ్ళి దిద్దడం కుదరదు. వచ్చిన రోజే రాసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు రాస్తే అవి ఎప్పుడు వచ్చాయని అడుగుతారు. ఈ రోజే వచ్చాయంటే అబద్ధం. ముందే వచ్చాయంటే అంతకుముందు పదహారు పేజీలు అబద్ధం. పైగా గున్నమ్మ నోటితో అనాలి, అనదు.

పోలమ్మ తెడ్డు వేస్తూ, "నువ్వూ మా లాగే తయారయ్యేవు" అంది. అది తిట్టో కాదో అడిగే ఓపిక నాకు లేకపోయింది.

భయమేస్తోంది. ఇన్నేళ్ళలో రెండు వారాలు దాటినా మూడో పక్షి రాకపోవడం ఇదే మొదటిసారి.

చైత్ర శుద్ధ పాడ్యమి

సర్కారు పుస్తకంలో: సున్న.

ఉగాది. ఎండగంటకి ముందే భోజనాలు. వేపపువ్వు దొరక్క ఎండు వేపాకు నలిపి వేశారు, చేదు మాత్రం సమృద్ధిగా ఉంది.

ఇక్కడ పంక్తి వేసేటప్పుడు గున్నమ్మే ఆకులు లెక్కపెడుతుంది. ఇంటివాళ్ళవి లెక్కపెట్టదు, వాళ్ళు ఎక్కడో సర్దుకుంటారు. చుట్టాలవే లెక్క. పొరుగూరివాళ్ళు తొమ్మిది మంది, గొట్టం పనివాళ్ళు ముగ్గురు. "కావలమ్మతో పదమూడు" అని కేకేసింది. పదహారేళ్ళుగా ఆ చివరి అంకె నాదే. ప్రతిసారీ కాస్త గుచ్చుకుంటుంది. అన్నం వడ్డించాక మర్చిపోతాను.

భోజనాలయ్యాక గున్నమ్మ పక్కన కూర్చుని సంగతంతా విప్పి చెప్పాను. ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయన్నాను. చుట్టాలు రారేమోనన్నాను. ఆ మాట ఊళ్ళో పైకి అన్నది నేనే మొదట. ఆవిడ తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఈనెలు తీసిన ఆకునే మళ్ళీ అందుకుంటోంది, ఆవిడకీ భయంగానే ఉందని తెలిసింది. చివరికి ఒక దారి చెప్పింది.

"కూతురు మనది. దాని పిల్ల అల్లుడింటి పేరు. పిల్ల గుడ్డులోంచి బయటికొస్తే రాసుకో, తప్పు నేదు."

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. పిల్ల బయటపడితే ఆ రోజే వచ్చిన పక్షి కింద లెక్క. అబద్ధం లేదు, దిద్దుబాటు లేదు. తల్లిదండ్రుల సంగతి ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. గుడ్డు పెట్టి పద్నాలుగు రోజులైంది. నా పాత నోట్సులో వెతికాను. గూడబాతు గుడ్డు ఇరవై తొమ్మిదో రోజున పగిలిన ఏడాది ఉంది, ముప్పై రెండో రోజున పగిలిన ఏడాదీ ఉంది. పౌర్ణమికి ఇరవై ఎనిమిది రోజులవుతాయి.

ఎండ ఎక్కువగా ఉంది కదా, గుడ్డు తొందరగా పగులుతుందేమో అంది పోలమ్మ. అందరం అవునన్నాం.

చైత్ర శుద్ధ ఏకాదశి

సర్కారు పుస్తకంలో: సున్న.

రోజుకి రెండుసార్లు మంచె ఎక్కుతున్నాను. కుడికన్ను మసకగా ఉంది, ఎడమ కంటితో చూస్తున్నాను. మగపక్షి ముక్కుసంచీలో నీళ్ళు తెచ్చి గూట్లో గుమ్మరిస్తోంది. గుడ్డు ఉడికిపోకుండా అనుకుంటాను. అది వెళ్ళి రావడానికి పట్టే సమయం రోజురోజుకీ పెరుగుతోంది, నీటి అంచు అంత దూరం జరిగింది.

ఊళ్ళో జనం నన్ను చూసి ఏమీ అడగకుండా, నా ముఖం చదివి పక్కకి తప్పుకుంటున్నారు. అలసట ఒళ్ళంతా ఇసుకలా దిగింది. ఆ గుడ్డుకి ఏమీ తెలియదు, దాని మానాన అది ఉంది. దాని మీద కూడా కోపం వస్తోంది, తర్వాత సిగ్గేస్తోంది.

చైత్ర పౌర్ణమి

పొద్దున మంచె ఎక్కాను. గుడ్డు పగల్లేదు. పెంకు మీద చిన్న గీత కూడా లేదు.

ఎండగంట వేళ ముగిశాక, నాలుగు గంటలప్పుడు తణిఖీ అధికారి వచ్చారు. పేరు దయాసాగర్. నా వయసే ఉంటుంది. ఆయన కూడా గట్టు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి చుట్టూ చూస్తున్నట్టు నటించారు, నాకు అర్థమైంది. ముందుగా సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించారు. నా నీడ కొలువు ఉత్తర్వు. ఈ రోజు పేజీ ముగిస్తే సంతకం పెట్టి ఇచ్చేస్తానన్నారు, అభినందనలు కూడా చెప్పారు. గొట్టం పనివాళ్ళు ముగ్గురూ చేతిలో పానాలతో కాస్త దూరంగా నిలబడ్డారు. ఊరంతా గట్టు మీదే ఉంది.

పుస్తకం తెరిచి ఈ రోజు ఎన్ని అని అడిగారు. కంటిచట్టం ప్రకారం ఆయన తంపరవైపు చూడకూడదు, ఆయన కళ్ళు పుస్తకానికే. వీపు నీళ్ళవైపు పెట్టి కూర్చున్నారు.

నేను రెండు అన్నాను.

అనుకుని అన్న మాట కాదు. మంచె దిగినప్పటినుంచి సున్న అనడానికే సిద్ధపడుతున్నాను. మూత తీసే పానా కనిపించాక నోరు తిరగలేదు.

సంతోషం, ఎప్పుడు వచ్చాయని అడిగారు. ఈ రోజే అని చెప్పవచ్చు. నీళ్ళూ దక్కుతాయి, కుర్చీ దక్కుతుంది. గూట్లో ఇరవై ఎనిమిది రోజుల గుడ్డుందని ఆయనకి తెలిసే వీలే లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లేనిదాన్ని ఉన్నట్టు చెప్పే నోళ్ళకి విరుగుడుగానే కదా నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. నాకున్న పనల్లా అదొక్కటే.

"ఫాల్గుణ శుద్ధ దశమి నాడు వచ్చాయండి. ముప్పై అయిదు పేజీల్లో సున్న నేనే రాశాను. ఈ ఏడే కాదు, పదహారేళ్ళుగా ప్రతి ఏడూ రెండు తగ్గించి రాశాను" అన్నాను.

ఎందుకో కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత చట్టం పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పారు. లేని పక్షిని ఉన్నట్టు రాసిన కావలి పుస్తకం మొత్తం చెల్లదు, శిక్ష కూడా ఉంది. ఉన్న పక్షిని లేదని రాస్తే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. అలాంటి పని ఎవరైనా చేస్తారని రాసినవాళ్ళకి తట్టలేదు. కాబట్టి ఈ రోజు రెండు నిలుస్తుందన్నారు, సాక్షి నోటితో చెబితే.

అందరూ గున్నమ్మవైపు తిరిగారు.

ఆవిడ కర్ర ఊతంగా నీటి అంచుదాకా నడిచింది. తుమ్మచెట్టువైపు తిరిగి, చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

"అమ్మా, ఏటీ అనుకోకు తల్లీ. నీ కన్నోరి నీళ్ళు నిలబడాల. ఈ ఒక్కపాలికి లెక్కెడతన్నాను."

తర్వాత వేలు చూపించి "ఒకటి" అంది. రెండోది అనకుండానే వేలు దించేసింది. పోలమ్మ వెళ్ళి భుజం పట్టుకుంది. "రెండు" అంది గున్నమ్మ. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను ఈ పని చేయించానన్న బాధ నాకు చాలా కాలం ఉంటుంది.

వేలిముద్ర పడింది. దయాసాగర్ గారు పేజీ మీద ముద్ర కొట్టారు. పనివాళ్ళు పానాలు సంచిలో వేసుకున్నారు, అందులో ఒకతను కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆయన నా ఉత్తర్వు నాలుగు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకున్నారు. కళ్ళుండీ ఉన్నది రాయని మనిషిని కావలిగా ఉంచలేనన్నారు. కోపంగా అనలేదు. పుస్తకం, సిరా, దుర్భిణి అప్పజెప్పాను. వెళ్ళే ముందు గట్టు దిగుతూ, ఇప్పుడు తను చూడడానికి అభ్యంతరం ఉండదనుకుంటానని ఒకసారి వెనక్కి తిరిగి చెట్టువైపు చూశారు.

సర్కారు పుస్తకంలో: రెండు. నా చేతిరాతలో అదే ఆఖరు.

చైత్ర బహుళ తదియ

సర్కారు పుస్తకం లేదు.

పిల్ల పొద్దున బయటికొచ్చిందట. పోలమ్మ వచ్చి చెప్పింది, దుర్భిణి లేదు కనక నేను నమ్మడమే. మూడు రోజులు ముందొస్తే ఎంత బాగుండేదని ఇద్దరం అనుకున్నాం, వెంటనే ఊరుకున్నాం. దాని తప్పేముంది.

పదహారేళ్ళ సామాను ఒక పెట్టెలో పట్టింది. సాయంత్రం బండికి వెళ్ళిపోదామని సర్దాను. ఎక్కడికో సరిగ్గా తేల్చుకోలేదు.

మధ్యాహ్నం ఎండగంటకి ముందు పురిటి భోజనమని కబురొస్తే వెళ్ళాను. రోటి పచ్చడి చేశారు, నెల దాటాక ఊళ్ళో రోలు మోగింది. గున్నమ్మ నాతో పౌర్ణమి సంగతి ఎత్తలేదు. పిల్ల మాత్రం అల్లుడింటిదే, కావాలంటే రాసుకో అంది. రాయడానికి పుస్తకం లేదన్నాను. అయితే మరీ మంచిదంది.

పంక్తి వేసేటప్పుడు ఎప్పటిలాగే ఆకుల కట్ట పట్టుకుని చుట్టాలని లెక్కపెట్టింది. పొరుగూరివాళ్ళు అయిదుగురు. "అయిదాకులు" అని లోపలికి కేకేసి కట్ట కింద పెట్టేసింది.

నేను గోడ పక్కన నిలబడిపోయాను. ఉద్యోగం పోయింది కనక చుట్టం కూడా కాకుండా పోయానేమో అనిపించింది. ఆకలిగా ఉంది, సిగ్గుగా ఉంది. ఇంత వయసొచ్చాక ఒక ఆకు కోసం కన్నీళ్ళు రావడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

"నా ఆకు మర్చిపోయావు పెద్దమ్మా" అన్నాను.

గున్నమ్మ తలెత్తి, ఎండలో ఎక్కువసేపు నిలబడ్డ పిల్లని చూసినట్టు చూసింది.

"ఇంట్లో మడిసిని లెక్కెడతామేటి? కూకో" అంది.

పోలమ్మ జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను.